ఉదయగిరి గరిటెలు, కువైట్ గిన్నెలు

ఉదయగిరి వెళ్ళొచ్చానంటే మా కాకినాడలో సగం మంది ఒడిశా గుహల గురించి అడిగారు. నెల్లూరు జిల్లాలోనూ ఒక ఉదయగిరి ఉందని చెబితే, మిగతా సగం మంది "అక్కడేముందండీ చూడ్డానికి?" అన్నారు. ఈ రెండో రకం వాళ్ళకి జవాబు చెప్పడం కష్టం. కొండ ఉంది. కొండ మీద కోట ఉంది. అది ఎక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. నేను నిజంగా చూసింది ఒక ఇంటి వసారా. ఆ వసారాలో ఒక మధ్యాహ్నం నేను నోరు జారాను. అక్కడికి వెళ్ళని వాళ్ళకి చెప్పాల్సింది నా మటుకు నాకు అదొక్కటే మిగిలింది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని. పదో తరగతికి ప్రపంచీకరణ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సరుకులు, పెట్టుబడి, మనుషులు దేశాల హద్దులు దాటి కదలడం అని నోట్సు రాయించేదాన్ని. మనుషులంటే ఏ మనుషులు, ఎవరింటికి, ఏం చేయడానికి అని ఒక్క పిల్లా అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

ఆ మధ్య బెంగుళూరులో ఒక అద్దాల కొట్లో చెక్క గరిటె చూశాను. పిడి మీద జల్లెడలా సన్నటి చెక్కుడు. ధర పద్నాలుగు వందల యాభై. దానికి వేలాడుతున్న అట్టముక్క మీద గోరింటాకు చేతుల ఫొటో, కింద "ఉదయగిరి గ్రామీణ మహిళల చేతిపని" అన్న ముక్క. ఆ డబ్బుతో గరిటె కొనే బదులు ఆ ఊరే చూసి రావచ్చనిపించి బయల్దేరాను.

ఆత్మకూరు

ఆత్మకూరు బస్టాండు పక్క లాడ్జి మేనేజరు నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవురితో వచ్చినారు మేడం?"

"నాతోనే వచ్చాను."

"అది కాదు మేడం. మీ ఎంట మగోళ్ళు ఎవురూ లేరా? ఎవురిదన్నా ఒక మగోళ్ళ నంబరు ఇయ్యండి, రిజిస్టర్లో రాసుకోవాల."

అరవై దాటాయి నాకు. నా పెన్షను నేను తీసుకుంటాను, నా పన్ను నేను కడతాను. అయినా ఆ కాలమ్ ఖాళీగా ఉంటే గది ఇవ్వడట. మా ఇంటికి గ్యాసు బండ తెచ్చే అతని నంబరు ఇచ్చాను. మగవాడే కదా, సరిపోతుంది. మేనేజరు తృప్తిగా తాళం చెవి ఇచ్చాడు.

పొద్దున టిఫిన్‌కి కారం దోసె తిన్నాను. నలభై రూపాయలు. పెసరట్టు, అల్లం పచ్చడి తిని పెరిగిన నోరు నాది, రెండో ముక్కకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎదురు బల్ల దగ్గర కూర్చున్నాయన జాలిపడి, "నెయ్యి ఏపిచ్చుకోండమ్మా, మంట తగ్గుతాది" అన్నాడు. నెయ్యికి ఇంకో పది. మంట తగ్గలేదు గానీ రుచి తెలిసింది.

హోటలు బయట గోడంతా ఒకటే పోస్టరు. గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి ఆడవారు కావలెను, భోజనం వసతి ఉచితం. నేను అది చదువుతుంటే పక్కనున్న ఫొటో స్టూడియో ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరిని పంపుతారీ ఊళ్ళ నుంచి అని అడిగాను.

"ఆడోళ్ళకే గిరాకీ మేడం. మగోడు పోవాలంటే డ్రైవింగు రావాల, ఏసీ రిపేరు రావాల, ఏదో ఒకటి రావాల. ఆడమనిషికి ఏం రాకపోయినా పనుండాది."

వంట, ఉతుకుడు, పసిపిల్లల్ని పెంచడం, మంచాన పడ్డ ముసలివాళ్ళని ఎత్తి కూర్చోబెట్టడం, ఇదంతా ఏమీ రాకపోవడం కిందికే వస్తుందన్నమాట. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మా పక్కనున్న కోనసీమ నుంచి వెళ్ళే ఆడవాళ్ళూ తక్కువేం కాదు. మా ఊళ్ళో గోడల మీదా ఇవే పోస్టర్లు ఉంటాయి. అక్కడ నేను ఆగి చదవలేదు, అంతే తేడా.

స్టూడియో లోపల ఒకావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. నలభై ఉంటాయేమో. చున్నీ వెనక్కి నెట్టి రెండు చెవులూ కనిపించేలా పెట్టుకుంది. "నవ్వొద్దమ్మా, వీసా ఫొటో ఇది" అన్నాడు ఫొటో ఆయన. ఆవిడ మూతి బిగించింది, మళ్ళీ నవ్వింది. మూడుసార్లు అదే తంతు. నాలుగోసారి ఆయనే విసిగిపోయి నొక్కేశాడు.

ఉదయగిరి బస్సు

ఆవిడే బస్సులో నా పక్క సీట్లో కూర్చుంది. పేరు షంషాద్. ఊరు ఉదయగిరి. ఆత్మకూరులో అక్క ఇంటికి వచ్చి, ఆ పనిలో పనిగా ఫొటోలు తీయించుకుందట. మీ ఊళ్ళో స్టూడియో లేదా అన్నాను.

"ఉండాది. ఆడ తీయిచ్చుకుంటే పొద్దు గూకే లోపల మా వీధంతా తెలుస్తాది. ఇంకా ఖాయం కాలా కదా."

ఖాయం కావలసింది జర్మనీ ప్రయాణం. వాళ్ళ కుటుంబం చెక్క గరిటెలు చేస్తుంది. బెంగుళూరు కంపెనీ ఒకటి వాటిని కొని పై దేశాలకు పంపుతుంది. జర్మనీలో పది రోజుల ఎగ్జిబిషన్ ఉందట. అక్కడ జనం ముందు కూర్చుని గరిటె చెక్కి చూపించడానికి ఒక్క మనిషిని తీసుకెళ్తారు. ఆడమనిషి అయితే మంచిదని కంపెనీ వాళ్ళే అన్నారు. ఆరోజు మధ్యాహ్నం కంపెనీ అమ్మాయి వచ్చి పేరు రాసుకుంటుంది.

"నా పేరే రాస్తాది మేడం. మా ఆయన కూడా సరే అన్నాడు. బోర్డు మీద నా పేరు రాసి, దాని కింద నన్ను కూచోబెడతారంట." ఆ ముక్క అంటున్నప్పుడు ఫొటోలో అణుచుకోవాల్సి వచ్చిన నవ్వంతా బయటికి వచ్చేసింది.

విమానం ఎక్కడమంటే భయం లేదా అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. తను ఆరేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిందట. వెళ్ళేటప్పుడు కూతురికి నాలుగేళ్ళు, వచ్చేసరికి పది. ఆ డబ్బుతోనే ఇల్లు లేచింది, మొగుడి గుండె ఆపరేషను జరిగింది.

"ఆడ గిన్నెలు తోమి తోమి నా చేతులు మెత్తబడిపోయినాయి మేడం. తిరిగొచ్చి ఆకురాయి పట్టుకుంటే నెలదినాలు నెత్తురే. చెయ్యి మళ్ళీ కాయ కాసేదానికి ఏడాది పట్టింది."

మర్రిపాడు వైపు పోయే లారీలు తగ్గాక కిటికీలోంచి మెట్ట చేలు, మేకల మందలు, చిల్లకంపలు తప్ప ఏమీ కనపడలేదు. మా వైపు కాలవ గట్టు లేకుండా ఇంత దూరం ప్రయాణం చేయలేం. ఇక్కడ నీళ్ళు కనిపిస్తే జనం వేలు పెట్టి చూపిస్తారు. ఉదయగిరి కొండ దూరంగా కనిపించగానే షంషాద్ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. మధ్యాహ్నం తమ ఇంటికి రమ్మంది, పని చూపిస్తానంది.

"ఒక్క మాట మేడం. మా ఇంట్లో కువైట్ మాట మటుకు ఎత్తొద్దు."

"ఎందుకు? మీ వీధిలో అందరికీ తెలుసు కదా."

"తెలుసు. అయినా ఎవురూ అనరు. ఎవురి పెండ్లామన్నా పోతే 'ఊరికి పోయుండాది' అంటారు. మొగుడి ముందర అసలే అనరు. మొగుడు తిండి పెట్టలేకపోయినాడని మొహాన చెప్పినట్టు కదా."

తలూపాను. ఊపినంత మాత్రాన నా నోరు నా మాట వింటుందని నేనెందుకు అనుకున్నానో నాకు తెలియదు.

వసారా

వాళ్ళ ఇల్లు కొండ కింద వీధిలో ఉంది. వసారా నిండా చెక్క పొట్టు. ఆ వీధిలో పని ఒక పద్ధతిగా పంచుకున్నారు. మగవాళ్ళు కొండ నుంచి వచ్చిన నర్ది అనే చెట్టు చెక్కని బాడిసతో నరికి గరిటె ఆకారం తెస్తారు. అక్కడితో వాళ్ళ పని అయిపోతుంది. తర్వాతదంతా ఆడవాళ్ళది. ఆకురాయితో నునుపు చేయడం, సన్న రంపంతో పిడి మీద దువ్వెన పళ్ళలాంటి వరసలు కోయడం, గరుకు కాగితంతో రుద్దడం. బెంగుళూరు కొట్లో నేను నోరు తెరుచుకుని చూసిన చెక్కుడంతా ఈ రెండో సగమే.

షంషాద్ భర్త మస్తాన్ నెమ్మదైన మనిషి. అత్త జైనబ్బీ గోడకి ఆనుకుని కూర్చుని వక్క కొరుకుతోంది. నాకు అన్నం, చింతపండు పులుపు వేసిన దాల్చా, మేక మాంసం కూర పెట్టారు. అతిథిని కాబట్టి ముందు నేను, తర్వాత మస్తాన్, తర్వాత అత్త, ఆఖరున షంషాద్. ఊళ్ళూ మతాలూ మారినా ఈ వరస మటుకు మా ఇంట్లో చూసిందే.

కంపెనీ అమ్మాయి రెండు గంటలకి వచ్చింది. తిరుపతి పిల్లట, చురుకైనది. టాబ్లెట్ తెరిచి చూసి నుదురు ముడిచింది. కిందటిసారి తను రాసుకున్న పట్టికలో మస్తాన్ పేరు ఎదురుగా కళాకారుడు అని ఉంది. షంషాద్ ఎదురుగా గృహిణి అని ఉంది.

"మీరేం పని చేస్తారని అడిగితే, పనేం లేదు, ఇంట్లోనే ఉంటానని మీరే చెప్పారు కదక్కా" అంది ఆ పిల్ల.

షంషాద్ తల దించుకుంది. తప్పు ఆవిడ ఒక్కదానిదే కాదు. ఆ వీధిలో బయటివాళ్ళు ఎవరు అడిగినా ఆడవాళ్ళు ఇచ్చే జవాబు అదే. ఖాళీగానే ఉంటామంటారు. నా పెళ్ళాం పని చేసి బతకాల్సిన గతి నాకు లేదని మగవాడు అనుకోవడానికి ఆ మాట అవసరం. ఆరోజు వసారాలోకి తొంగిచూసిన పక్కింటి ఆవిడని నేనూ అడిగాను. "పనేముండాది అమ్మా, ఊరికే కూచోనుంటా" అంది. ఆ మాట అంటున్నంతసేపూ ఆవిడ చేతిలో ఆకురాయి ఆడుతూనే ఉంది.

"పర్లేదు సార్, ఇప్పుడు మార్చొచ్చు" అంది కంపెనీ అమ్మాయి. "అక్కడివాళ్ళకి లేడీ అయితేనే ఇంట్రెస్టు. కాకపోతే పేరు మార్చాలంటే ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు ఒక సంతకం కావాలి."

యజమాని సంతకం. జర్మనీ వాళ్ళకి స్వతంత్రంగా నిలబడ్డ ఆడమనిషి కావాలి. ఆ నిలబడ్డానికి మొగుడి చేవ్రాలు కావాలి. నాకు లోపల ఉడుకుతోంది గానీ నోరు మూసుకునే ఉన్నాను.

అప్పటికి వసారా ముందు నలుగురైదుగురు ఇరుగుపొరుగు చేరారు. మస్తాన్ కలం అందుకున్నాడు. "నాదేముండాది? నేను చెక్క నరుకుతా, అంతే. పనంతా దానిదే" అన్నాడు అందరి ముందూ. ఆ మాటకి షంషాద్ మొహం చూడాల్సింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నోట ఆ మాట ఎవరూ విని ఉండరు.

జైనబ్బీ వక్క ఉమ్మింది. "పది దినాలు పరాయి దేశంలో ఒంటరిగా ఆడదా? పరువుగల ఇంట్లో ఇదేందిరా మస్తాన్?"

"కంపెనీ వాళ్ళు ఉంటార్లే అమ్మా" అని అతను కలం మూత తీశాడు.

అక్కడ నేను ఊరుకుంటే అయిపోయేది. సంతకానికి ఎంతసేపు పడుతుంది? కానీ ముప్ఫై ఏళ్ళు క్లాసులో తప్పు జవాబు వినపడితే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. పరువు అన్న మాట వినగానే నా నాలుక లేచింది.

"ఆరేళ్ళు కువైట్‌కి ఒంటరిగా పంపి అంట్లు తోమించినప్పుడు అడ్డురాని పరువు, ఈ పది రోజులకి అడ్డొచ్చిందా అమ్మా?" అన్నాను.

అంతే. పక్కింటావిడ చేతిలో ఆకురాయి ఆగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మగమనిషి గోడ వైపు తిరిగాడు. షంషాద్ కళ్ళు మూసుకుంది.

జైనబ్బీ మటుకు తడుముకోకుండా జవాబు చెప్పింది. "అది వేరే. ఆడ ఒక ఇంట్లో ఉన్నింది. నాలుగ్గోడల మధ్యన. ఎవురి కంటా పడలా. ఇది సంతలో మాదిరి పదిమంది ముందర కూచోవాల, ఫొటోలు తీస్తారు, పేపర్లో ఏస్తారు."

ఆ నాలుగు గోడలు ఎవరివి, ఆ తలుపు తాళం ఎవరి దగ్గర ఉండేది, లోపల ఏం జరిగితే ఎవరికి తెలిసేది అని అడగాలనిపించింది. కానీ అప్పటికే మస్తాన్ కలానికి మూత పెట్టేశాడు. అతను నా వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు.

"నేను తిండి పెట్టలేనోణ్ణని బస్సులో కనపడిన మనిషికి కూడా చెప్పుకున్నావా?"

షంషాద్ ఒళ్ళోని చెక్క పొట్టు దులుపుకుంది.

"నేనే పోతా. నా పేరు ఉండాది కదా ఆడ, అట్నే ఉండనీ" అన్నాడు కంపెనీ అమ్మాయితో.

ఆ పిల్ల వాచీ చూసుకుంది. ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి తను. "సార్ అయినా ఓకే. కానీ స్క్రీన్ మీద వేసే వీడియోకి అక్క చేతులు తీసుకుంటాను. మొహం రాదు, చేతులే" అంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చేతులకి పరువు పట్టింపు లేదు కాబోలు. షంషాద్ గరిటె పట్టుకుంటే ఆ పిల్ల దగ్గరగా వంగి తీసింది. వేళ్ళ మీద పాత కోతలు చూసి, "చాలా ఒరిజినల్‌గా ఉంది" అని మెచ్చుకుంది.

మర్నాడు

క్షమాపణ చెప్పకుండా ఊరు దాటడానికి మనసొప్పలేదు. పొద్దున్నే వెళ్ళాను. మస్తాన్ వసారాలో పీట మీద కూర్చుని ఉన్నాడు, షంషాద్ ఎదురుగా కూర్చుని అతనికి రంపం పట్టుకోవడం నేర్పుతోంది. పిడి మీద పన్ను కోయబోయి విరగ్గొట్టాడు. ఇంకోటి విరగ్గొట్టాడు. నన్ను చూసి లేచి, నీళ్ళు తాగుతానని లోపలికి వెళ్ళిపోయాడు.

"నా వల్లే ఇదంతా" అన్నాను.

"మీరన్నదాంట్లో తప్పు లేదు మేడం" అంది షంషాద్ తల ఎత్తకుండా. "నేను ఇన్నేండ్లుగా లోపల అనుకునే మాటే అది. కానీ మీరు అనేసి మీ ఊరికి పోతారు. నేను ఈడనే ఉండాల." ఒక గరిటె మీద పొట్టు ఊదింది. "ఈడ కూడా కాదులే."

అత్త నిన్న సాయంత్రమే కువైట్‌కి పంపే ఏజెంటుకి ఫోన్ చేసిందట. పాస్‌పోర్టు కొత్తగా రెన్యువలై ఉంది, ఫొటోలు తయారుగా ఉన్నాయి. ఎలాగూ వీధిలో పదిమంది ముందూ ఆ మాట బయటపడింది, ఇంక దాచేదేముందని అందట. కూతురు ఇంటర్లో చేరాలి.

"నువ్వు పోనని చెప్పలేవా?" అన్నాను. అడుగుతూనే నాకు నేను ఎంత తెలివితక్కువగా వినపడ్డానో అర్థమైంది. ఆవిడ పక్కనున్న గోనెపట్టా జరిపి చూపించింది. దాని మీద వరసగా గరిటెలు, నునుపు చేసినవి, చెక్కుడు పూర్తయినవి. దగ్గరికి తీసుకుని చూస్తే ప్రతి పిడి చివరా ఒక్క పన్ను మటుకు కోయకుండా వదిలేసి ఉంది.

"ఆయనకి ఇంత తొందర్లో పనంతా రాదు. నేను పోయేలోపల నలభై చేసి పెడతా. ఆ ఒక్క పన్నూ కోస్తే గరిటె అయిపోయినట్టే. జనం ముందర పూర్తి చేసినట్టుంటాది."

అవమానించిన మనిషికి అవమానం జరగకుండా చూసే పనీ ఆవిడదే. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు, చేతిలో పని ఉంది. డబ్బులిచ్చి కొనబోతే, "ఇది అమ్మేది కాదు మేడం, పూర్తి కాలా" అంది. నా నంబరు మటుకు రాసుకుంది.

కాకినాడ వచ్చాక

తిరిగొచ్చాక కొన్నాళ్ళకి, షంషాద్ రాసుకున్న నా నంబరుకి మస్తాన్ ఒక వీడియో పంపాడు. నా మీద కోపం తగ్గినట్టుంది, లేదా తెలిసినవాళ్ళందరికీ పంపాడేమో. పెద్ద హాలు, తెల్లటి దీపాలు. బోర్డు మీద అతని పేరు. తెర మీద షంషాద్ చేతులు పెద్దవిగా కదులుతున్నాయి. దాని కింద మస్తాన్ కొత్త కోటు వేసుకుని కూర్చున్నాడు. గరిటె తీశాడు, ఆ ఒక్క పన్నూ కోశాడు, ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది పైకెత్తి చూపించాడు. చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. అతని మొహంలో వెలుగు చూసి నాకూ కాస్త సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. ఆ సంతోషానికి వెంటనే సిగ్గుపడ్డాను.

షంషాద్ అప్పటికే కువైట్‌లో ఉంది. అక్కడి నంబరు పంపింది నాకు. వారంలో ఒక్కపూట, శుక్రవారం ఫోన్ చేతికిస్తారట. ఆ వీడియో మీ ఆయన నీకూ పంపాడా అని రాశాను. శుక్రవారం మధ్యాహ్నం వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది, వెనక కుళాయి నీళ్ళ చప్పుడు.

"చూసినా మేడం. ఆకురాయి తిరగేసి పట్టుకున్నాడు. గుండ్రటి పక్కతో రుద్దాల్సిన చోట చదును పక్కతో రుద్దినాడు, పన్ను అంచంతా చితికిపోయింది. ఆడ అంతమందిలో ఒక్కరికీ తెలీలా."

వీడియో మళ్ళీ పెట్టి, ఆ చోట ఆపి, పెద్దది చేసి చూశాను. నాకూ తెలియలేదు.